అప్‌డేట్ అయ్యాక స్మార్ట్ లైట్లు పలకడం లేదా? రీసెట్ నొక్కే ముందు ఇవి చూడండి

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే కాకినాడ నుంచి నాన్న ఫోన్. "ఒరే, రాత్రి అమ్మ లేస్తే నడవాలో లైటు వెలగలేదురా. ఫోన్లో నొక్కినా పలకట్లేదు. నిన్న యాప్ ఏదో అప్‌డేట్ అడిగితే సరేనన్నాను. దానివల్లేనంటావా?"

అమ్మకి మోకాళ్ల నొప్పులు. రాత్రిపూట రెండుసార్లైనా లేస్తుంది. మంచం దిగగానే నడవాలో సన్నగా వెలిగే ఆ లైటు మా ఇంట్లో సోకు కోసం పెట్టింది కాదు. నేను హైదరాబాద్‌లో పని ముగించుకుని చూసేలోపే, సాయం చేద్దామని వచ్చిన పక్కింటి అబ్బాయి ఆరు బల్బుల్నీ రీసెట్ చేసి, యాప్‌లోంచి తీసేసి, మళ్లీ కలపబోయాడు. ఒక్కటీ కలవలేదు. శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కి వెళ్లి చూస్తే అసలు సంగతి వేరు. నాన్న యాప్ అప్‌డేట్ చేసిన రాత్రే ఫైబర్ కంపెనీ ఇచ్చిన రౌటర్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ దానంతటదే ఎక్కింది. యాప్ తప్పేమీ లేదు. పది నిమిషాల్లో తేలాల్సిన పనికి రెండు రోజులు పట్టింది. బల్బుల పేర్లు, గదులు, వేళలు అన్నీ మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాల్సి వచ్చింది.

లైటు పలకనప్పుడు తెగింది ఎక్కడో తేలేదాకా దేన్నీ చెరపకూడదు. ఈ వ్యాసం మొత్తం ఆ వెతుకులాట గురించే. వరసగా చదువుతూ చేయండి, తెగిన చోటు దొరికాక మిగతాది వదిలేయొచ్చు.

ముందుగా: చేయకూడని మూడు పనులు

యాప్‌లోంచి బల్బును తీసేయకండి. బల్బును రీసెట్ చేయకండి. రౌటర్ వెనక సన్నటి రంధ్రంలో పిన్నీసు పెట్టి నొక్కకండి. ఈ మూడింటిలో ఏది చేసినా పాత అమరిక పోతుంది, ఏం జరిగిందో చెప్పే ఆధారమూ పోతుంది.

దానికి బదులు ఒక కాగితం తీసుకుని రాయండి: ఏ లైట్లు పలకడం లేదు? ఎప్పటినుంచి? ఈ రెండు మూడు రోజుల్లో ఏవేవి అప్‌డేట్ అయ్యాయి? చివరి ప్రశ్నకు "యాప్" అని వెంటనే అనేస్తాం, ఎందుకంటే మనల్ని అడిగి అప్‌డేట్ అయ్యేది ఎక్కువగా అదే. బల్బు లోపలి సాఫ్ట్‌వేర్, హబ్ (కొన్ని రకాల బల్బుల్ని రౌటర్‌తో కలిపే చిన్న పెట్టె), ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్, అలెక్సా లేదా గూగుల్ హోమ్, రౌటర్ కూడా అప్‌డేట్ అవుతుంటాయి. ఫైబర్ కంపెనీల రౌటర్లకు టీఆర్-069 అనే పద్ధతిలో కంపెనీ వాళ్లు దూరం నుంచే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించగలరు, అదీ తరచూ అర్ధరాత్రి దాటాక. రౌటర్ పేజీలో (బ్రౌజర్‌లో తెరుచుకునే దాని సెట్టింగుల పేజీ) వెర్షన్, ఎంతసేపటి నుంచి నడుస్తోందన్న లెక్క రెండూ కనిపిస్తాయి. మీరు ఆపకుండానే "6 గంటలు" అని చూపిస్తే రాత్రి అది తనంతట తను రీస్టార్ట్ అయిందన్నమాట. ఒకవేళ రాత్రి కరెంటు పోయిందేమో కూడా అడిగి తెలుసుకోండి.

ఇంకో మాట. అప్‌డేట్ అంటే రీస్టార్ట్ కూడా. నెలల తరబడి ఆగకుండా నడిచిన వస్తువు ఒక్కసారి ఆగి లేచినప్పుడు, లోపల ఎప్పటినుంచో ఉన్న లోపాలు బయటపడతాయి. కాబట్టి కొత్త సాఫ్ట్‌వేర్‌లో తప్పు లేకపోయినా లైట్లు ఆగిపోవచ్చు.

మొదటి అడుగు: గోడ మీది స్విచ్

చిన్న విషయమే, కానీ వదలకండి. స్మార్ట్ బల్బుకు కరెంటు ఎప్పుడూ అందుతూ ఉండాలి. మన ఇళ్లలో పడుకునే ముందు స్విచ్చులన్నీ కట్టేయడం అలవాటు. పనమ్మాయో, ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మో బోర్డు మీది స్విచ్ కట్టేస్తే యాప్‌లో ఆ బల్బు "ఆఫ్‌లైన్". అప్‌డేట్ అయిన రోజే ఇదీ జరిగితే నింద అప్‌డేట్ మీద పడుతుంది.

స్విచ్ వేసినప్పుడు బల్బు మామూలుగా వెలిగితే బల్బు బతికే ఉంది, దానికి మన మాట అందడం లేదంతే. వేసిన వెంటనే టపటపా మెరుస్తుంటే అది పాత వైఫైని మరచిపోయి, కొత్తగా కలుపుకోమని అడుగుతోంది. ఇది మన ఊళ్లలో ఎండాకాలం ఎక్కువ. చాలా బల్బులకు రీసెట్ బటన్ ఉండదు. గబగబా మూడు నుంచి ఆరుసార్లు ఆపి వేయడమే రీసెట్ సంకేతం. గాలివానకు కరెంటు పోతూ వస్తూ ఉంటే బల్బు దాన్నే సంకేతం అనుకుంటుంది. అలాంటప్పుడు కొత్తగా కలుపుకోవడం తప్ప దారి లేదు. అప్‌డేట్‌ను వెనక్కి తీసుకున్నా ఉపయోగం ఉండదు.

ఇదే కారణంగా, బల్బును పరీక్షించేటప్పుడు స్విచ్‌ను టకటకా ఆడించకండి. ఒక్కసారి ఆపి, నిమిషం ఆగి, వేయండి.

రెండో అడుగు: వరస తప్పకుండా రీస్టార్ట్

అన్నీ ఒకేసారి ఆపి ఒకేసారి వేస్తే గందరగోళమే. ముందు రౌటర్. ఇంటర్నెట్ నిలకడగా వచ్చేదాకా ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత హబ్ ఉంటే హబ్. మరో ఐదు నిమిషాలు. చివరికి బల్బులు, ఒక్కో గదీ.

దీంతోనే లైట్లు తిరిగొస్తే, రెండు రోజులకోసారి ఇలాగే జరుగుతుందేమో గమనించండి. అలా జరిగితే రౌటర్ ఒక్కో వస్తువుకూ ఇచ్చే ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాని నంబరు) మారుతోందేమో. కొన్ని హబ్‌లు, యాప్‌లు బల్బును పాత చిరునామాతోనే గుర్తుపెట్టుకుంటాయి. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అన్న చోట హబ్‌కూ బల్బులకూ స్థిరమైన చిరునామాలు ఇస్తే ఈ బాధ పోతుంది.

మూడో అడుగు: తెగింది ఎక్కడ?

నాలుగు పరీక్షలు. ఫోన్‌ను ఇంటి వైఫైలో ఉంచి బల్బు కంపెనీ వాళ్ల సొంత యాప్‌తో నొక్కండి. తర్వాత వైఫై ఆపి మొబైల్ డేటాతో అదే నొక్కండి. తర్వాత అలెక్సాకో గూగుల్‌కో నోటితో చెప్పండి. చివరగా, రౌటర్ ఆన్‌లోనే ఉంచి, బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ తీగను మాత్రం తీసి వైఫైలో మళ్లీ నొక్కండి. పసుపు రంగు సన్నటి ఫైబర్ తీగ నేరుగా రౌటర్‌లోకే వస్తుంటే దాన్ని వంచకుండా, దాని కొనను ముట్టుకోకుండా తీయాలి. చేయి తిరగనివాళ్లు ఈ నాలుగో పరీక్ష వదిలేయండి.

కంపెనీ యాప్‌లో పలికి, అలెక్సాకు పలకకపోతే లోపం ఆ రెండింటినీ కలిపే ఖాతా దగ్గర ఉంది. మొబైల్ డేటాలో పలికి ఇంటి వైఫైలో పలకకపోతే ఫోన్ అనుమతుల దగ్గరో, రౌటర్ దగ్గరో ఉంది. దేనికీ పలకకపోతే బల్బుకూ రౌటర్‌కూ మధ్య, లేదా బల్బుకూ హబ్‌కూ మధ్య. ఇంటర్నెట్ తీసేసినా పలికితే మీ లైటు ఇంటి లోపలి దారిలోనే నడుస్తోంది. అలాంటి లైటు దూరంగా ఉన్న సర్వర్ ఆగినా ఆగదు.

రౌటర్ అప్‌డేట్ అయినప్పుడు

వైఫై బల్బుల విషయంలో నేను ముందు అనుమానించేది దీన్నే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

స్మార్ట్ బల్బుల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుకుంటాయి. పాత అమరికలో రౌటర్ రెండు పేర్లు ప్రకటిస్తూ ఉంటుంది, ఒకటి 2.4కి, ఇంకొకటి 5కి. అప్‌డేట్‌లో "స్మార్ట్ కనెక్ట్" లాంటి సౌకర్యం ఆన్ అయితే రెండూ ఒకే పేరు కిందికి వస్తాయి. మా ఇంట్లో జరిగింది ఇదే. మిగిలిన పేరు 5 గిగాహెర్ట్జ్‌ది. ఫోన్లకు ఆ పేరు ముందే తెలుసు కాబట్టి అవి హాయిగా కలిశాయి. బల్బులకు తెలిసిన పేరు గాలిలో లేకుండా పోయింది. నాన్నకు ఫోన్‌లో ఇంటర్నెట్ బాగానే వస్తోంది కనుక రౌటర్‌ను అనుమానించే అవకాశమే లేకపోయింది.

దీనికి మందు తేలిక. రౌటర్ పేజీలోకి వెళ్లి స్మార్ట్ కనెక్ట్ ఆపి, 2.4కి పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టండి. పెద్దక్షరం, చిన్నక్షరం, మధ్యలో ఖాళీ అన్నీ అచ్చంగా పాతవే ఉండాలి. రీసెట్ చేయని బల్బులు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే వచ్చి కలుస్తాయి. పక్కింటి అబ్బాయి రీసెట్ చేయకపోయి ఉంటే మా ఆరు బల్బులూ అలాగే వచ్చేవి. రౌటర్ పాడై కొత్తది కొన్నప్పుడు కూడా ఇదే పద్ధతి.

అదే పేజీలో భద్రత ఎలా ఉందో చూడండి. వైఫై తాళం పద్ధతుల్లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత బల్బులు లోపలికి రాలేవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్నా కొన్ని బల్బులు మొరాయిస్తాయి. 2.4 వరకు డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ పెట్టి, 5కి డబ్ల్యూపీఏ3 ఉంచుకోవచ్చు. ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్ అన్నది "తప్పనిసరి" అని ఉంటే "ఐచ్ఛికం" చేయండి.

చానెల్ కూడా ఓసారి చూడండి. ఆటోలో ఉంటే రౌటర్ 12 లేదా 13 ఎంచుకోవచ్చు. వేరే దేశం కోసం తయారైన బల్బులు కొన్ని ఆ రెండింటినీ చూడలేవు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన బల్బులున్న ఇళ్లలో ఇది గుర్తుంచుకోవాలి. 1, 6, 11 ఈ మూడింటిలో ఒకటి స్థిరంగా పెట్టేయండి.

ఇక ఏపీ ఐసొలేషన్. ఇది ఆన్‌లో ఉంటే వైఫైలో ఉన్న ఒక వస్తువు ఇంకోదానితో మాట్లాడలేదు. మొబైల్ డేటాలో పలికి ఇంటి వైఫైలో పలకని లైట్లకు ఇది కారణం కావచ్చు. బల్బుల్ని గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టినా ఇదే పరిస్థితి. మ్యాటర్ (వేర్వేరు కంపెనీల స్మార్ట్ వస్తువులు కలిసి పనిచేసే ఉమ్మడి పద్ధతి) ముద్ర ఉన్న లైట్లయితే రౌటర్‌లో ఐపీవీ6 (కొత్త తరం ఐపీ చిరునామాల పద్ధతి) ఆగిపోయిందేమో కూడా చూడండి. 2022 అక్టోబరులో మొదటి వెర్షన్ వచ్చిన ఈ మ్యాటర్ పద్ధతి ఇంటి లోపల ఐపీవీ6 మీదే నడుస్తుంది.

హబ్ ఉన్న ఇళ్లు: జిగ్‌బీ

హబ్ అప్‌డేట్ మధ్యలో ఉంటే ముట్టుకోకండి. హబ్, బల్బులు మాట్లాడుకునే జిగ్‌బీ అనే రేడియో పద్ధతి చాలా నెమ్మదైన దారి. ఒక్క బల్బుకు కొత్త సాఫ్ట్‌వేర్ అందడానికి అరగంటో గంటో కూడా పట్టవచ్చు. ఆ సమయంలో బల్బు సరిగా పలకకపోవడం మామూలే. రాత్రంతా వదిలేసి పొద్దున్న చూడండి.

జిగ్‌బీ బల్బులు ఒకదానికొకటి మాట అందించుకుంటాయి. హాల్లో బల్బు వంటింటి బల్బుకు కబురు మోస్తుంది. హాల్లో స్విచ్ కట్టేస్తే వంటిల్లూ మూగబోవచ్చు. హబ్ రీస్టార్ట్ అయ్యాక అన్ని గదుల స్విచ్చులూ వేసి ఉంచి, ఒక రోజు గడువివ్వండి, దారులు మళ్లీ కుదురుకుంటాయి.

హబ్‌నూ రౌటర్‌నూ ఒకే అరలో ఆనించి పెట్టినవాళ్లు కనీసం ఒక మీటరు దూరం జరపండి. జిగ్‌బీ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉంటుంది. రౌటర్ రీస్టార్ట్ అయి కొత్త చానెల్‌లోకి దూకితే రెండూ ఢీకొనవచ్చు. వైఫై 1, 6, 11 చానెళ్లలో ఉంటే జిగ్‌బీకి 15, 20, 25 సందుల్లా మిగులుతాయి. అయితే ఉన్న జిగ్‌బీ చానెల్‌ను మార్చడం ఆఖరి అస్త్రం. కొన్ని వస్తువులు హబ్ వెంట కొత్త చానెల్‌కు రావు. ముందు వైఫై చానెల్‌నే జరపండి.

హోమ్ అసిస్టెంట్ వాడేవాళ్లకు

వేర్వేరు కంపెనీల స్మార్ట్ వస్తువుల్ని ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ ఇది. దీన్ని వాడేవాళ్లు మనలో పెరుగుతున్నారు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనూ చూస్తున్నాను, డాలస్‌లో ఉన్న మా బావమరిది ఇంట్లోనూ. నెలకో కొత్త వెర్షన్, సాధారణంగా నెల మొదటి బుధవారం వస్తుంది. 2025.1 అంటే 2025 జనవరిది. ఆ తర్వాత వారాల్లో వచ్చే సవరణలకు చివర ఇంకో అంకె చేరుతుంది. విడుదల రోజునే నొక్కేయకుండా ఆ సవరణల కోసం వారం పది రోజులు ఆగడం నా పద్ధతి.

లైట్లు ఆగాక ముందు చూడాల్సింది విడుదల వివరాల్లో పాత పద్ధతులు పనిచేయవని చెప్పే భాగం. మీ లైట్ల ఇంటిగ్రేషన్ (హోమ్ అసిస్టెంట్‌ను వాటితో కలిపే భాగం) పేరు అక్కడ ఉంటే కారణం, మందు రెండూ దొరికినట్టే. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద రిపేర్స్, లాగ్స్ తెరవండి. అక్కడి ఎర్ర అక్షరాల మొదటి వరుస చదవండి, కింది పేజీలన్నీ దాని ప్రతిధ్వనులే.

లైటు "అన్‌అవైలబుల్" అని ఉంటే హోమ్ అసిస్టెంట్ దాన్ని చేరలేకపోతోంది. లైటు కార్డు మీద నొక్కితే వెలుగుతూ, సాయంత్రం దానంతటది మాత్రం వెలగకపోతే లైటు బాగానే ఉంది, ఆటోమేషన్ తెగింది. ఆటోమేషన్ తెరిచి ట్రేసెస్ నొక్కితే ఎక్కడ ఆగిందో బొమ్మ గీసి చూపిస్తుంది. నేను ఎక్కువగా చూసిన తప్పు ఇది: తొందరలో లైటును తీసేసి మళ్లీ కలిపితే దాని పేరు చివర 2 చేరుతుంది. ఆటోమేషన్ ఇంకా పాత పేరునే పిలుస్తుంటుంది. కొత్తదాని ఎంటిటీ ఐడీని (హోమ్ అసిస్టెంట్ లోపల దాన్ని పిలిచే పేరు) పాత పేరుకు మార్చండి, ఆటోమేషన్లన్నీ ముట్టుకోకుండానే నడుస్తాయి.

హాక్స్ (వాడకందారులు తయారుచేసినవి దొరికే బయటి స్టోర్) నుంచి పెట్టుకున్న బయటి ఇంటిగ్రేషన్లు అప్‌డేట్లకు ముందుగా దెబ్బతినే రకం. రీస్టార్ట్ మెనూలో సేఫ్ మోడ్ ఉంటుంది, అందులో ఇవేవీ లోడ్ కావు. అప్పుడు మిగతా లైట్లు పలికితే దోషి తెలిసినట్టే. తుయా కంపెనీ బల్బుల్ని ఇంటి లోపలి నుంచే నడిపే లోకల్ తుయా వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: బల్బును తిరిగి కలిపిన ప్రతిసారీ దాని లోకల్ కీ మారుతుంది. పాత కీతో ఎన్నిసార్లు ప్రయత్నించినా అది పలకదు.

యూఎస్‌బీ జిగ్‌బీ స్టిక్ ఉంటే, రీస్టార్ట్ తర్వాత దాని పోర్టు పేరు మారి ఉండొచ్చు. సున్నాతో ముగిసే పేరు ఒకటితో ముగిసేదిగా మారితే చాలు, జిగ్‌బీ మొత్తం ఆగిపోతుంది. సీరియల్ బై-ఐడీ కింద ఉండే పొడుగాటి పేరు ఇస్తే ఇక మారదు. స్టిక్‌ను నేరుగా యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చకండి. ఆ పోర్టు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుట్టిస్తుంది. అరమీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో దూరంగా పెట్టండి. జిగ్‌బీ వస్తువుల్ని నడిపే జిగ్‌బీ2ఎంక్యూటీటీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు 2025 జనవరిలో వచ్చిన 2.0కు మారుతుంటే దాని మార్పుల జాబితా పూర్తిగా చదివాకే మారండి, చిన్న అప్‌డేట్ కాదది.

ఏదీ తేలకపోతే అప్‌డేట్‌కు ముందు తీసిన బ్యాకప్ తిరిగి పెట్టండి. 2025.1 నుంచి బ్యాకప్‌లకు తాళంచెవి లాంటి ఎన్‌క్రిప్షన్ కీ ఉంటుంది. దాన్ని ఆ మిషన్‌లోనే దాచుకుంటే మిషన్ పాడైన రోజు రెండూ పోతాయి. ప్రింటు తీసి బీరువాలో పెట్టండి.

అలెక్సా, గూగుల్, ఫోన్

కంపెనీ యాప్‌లో పలికి మాటకు పలకకపోతే అలెక్సాలో ఆ స్కిల్‌ను డిజేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేయండి, గూగుల్ హోమ్‌లో ఆ సేవను రీకనెక్ట్ చేయండి. ఒకే పేరుతో రెండు లైట్లు కనిపిస్తే ఆఫ్‌లైన్‌లో ఉన్నదాన్ని తీసేయవచ్చు. తీసేయడానికి నేను ఒప్పుకునే చోటు ఇదొక్కటే.

ఫోన్ అప్‌డేట్ అయ్యాక ఆగితే అనుమతులు చూడండి. ఐఫోన్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి లోకల్ నెట్‌వర్క్ అనుమతి వేరుగా ఉంటుంది, అది ఆఫ్ అయితే యాప్ ఇంట్లోని బల్బును చూడలేదు. వీపీఎన్ ఆన్‌లో ఉన్నా అంతే.

వెలుగుతున్నాయి, కానీ వేళ తప్పింది

సాయంత్రం 6:30కి వెలగాల్సిన లైటు అర్ధరాత్రి 12కి వెలుగుతోందా? హబ్ టైమ్‌జోన్ యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం) మారిపోయింది. మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది కదా. ఏసియా/కోల్‌కతా అని సరిచేయండి. సూర్యాస్తమయానికి వెలిగే లైట్లకు ఇంటి లొకేషన్ కూడా సరిగా ఉండాలి.

రీసెట్ ఎప్పుడు?

బల్బు దానంతటదే మెరుస్తూ జత కోసం అడుగుతున్నప్పుడు, లేదా పైవన్నీ సరిగా ఉన్నాయని చూశాక కూడా ఒకే ఒక్క బల్బు పలకనప్పుడు. ముందు ఆ ఒక్కదాన్నే రీసెట్ చేసి చూడండి, అది కలిశాకే తర్వాతిది. కలిపేటప్పుడు పాత పేరే ఇవ్వండి. బల్బు కాకుండా స్విచ్‌బోర్డు లోపల పెట్టిన మాడ్యూల్ అయితే ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకున్నాకే బోర్డు విప్పాలి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కొన్నిసార్లు మన చేతిలో ఏమీ ఉండదు. 2015 డిసెంబరులో ఫిలిప్స్ హ్యూ అప్‌డేట్ ఒకటి వేరే కంపెనీల బల్బుల్ని బయటే నిలబెట్టేసింది. జనం గట్టిగా అడిగాక కొద్ది రోజుల్లోనే వాళ్లు వెనక్కి తగ్గారు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి, ఆ కంపెనీని తర్వాత వాడకందారులే కొని నిలబెట్టారు. అందుకే కొత్త లైటు కొనేటప్పుడు, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుందా అని అడిగి కొనండి.

అప్‌డేట్‌కు ముందు నేను చేసేవి

పండగ ముందు రోజు అప్‌డేట్ చేయను, ఊరెళ్లే రోజూ చేయను. కరెంటు కోతల వేళ ఇన్వర్టర్ లేకుండా చేయను. రౌటర్ పేజీలోని వైఫై పేర్లు, భద్రత, చానెల్ ఫొటో తీసుకుంటాను. హబ్, రౌటర్, యాప్ మూడింటినీ ఒకే రోజు ముట్టుకోను, ఒక్కోదానికీ మధ్య రెండు రోజులు వదులుతాను. ఏది ఆగినా అప్పుడు కారణం ఒక్కటే ఉంటుంది.

కాకినాడ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను. అందులో 2.4 వైఫై పేరు, పాస్‌వర్డ్, బల్బుల పేర్లు, "స్విచ్ ఒక్కసారే ఆపి వేయాలి, రీసెట్ చేయొద్దు, ముందు అబ్బాయికి ఫోన్" అని నాన్న సొంత దస్తూరీలో ఉంటుంది. నడవాలో మాత్రం ఆ స్మార్ట్ బల్బు కింద, ప్లగ్‌లో గుచ్చే చిన్న సెన్సార్ లైటు ఒకటి పెట్టాను. దానికి వైఫై లేదు, యాప్ లేదు, అప్‌డేట్లు రావు. అమ్మ మంచం దిగి అటు అడుగేస్తే వెలుగుతుంది.